అవతలి అంచు

పెద్దావిడ దుప్పటి కొసలు రెండూ బొటనవేళ్ళకు తగిలించుకుని ఒక్క విదిలింపు విదిలించింది. ఏడడుగుల అవతల చిన్నావిడ కూడా సరిగ్గా అప్పుడే విదిలించింది. తెల్లటి గుడ్డ గాలి నింపుకుని ఇద్దరి మధ్యా పైకి లేచి, మెల్లగా దిగి, బిగుసుకుంది. పొడవునా ఒక మడత, దాని మీద ఇంకో మడత. తర్వాత ఇద్దరూ ఒకరికొకరు ఎదురు నడిచారు. కొసలు కలిసిన చోట పెద్దావిడ అంది.

"అప్పుడు రైలు కొండలోకి దూరింది. పట్టపగలు చీకటైపోయింది."

చిన్నావిడ తన కొసలు ఆమె చేతికిచ్చి, కింద వేలాడుతున్న మడత అందుకుని వెనక్కి నడిచింది. మళ్ళీ బిగింపు, మళ్ళీ ఎదురు నడక. ఈసారి మాట ఆమెది.

"పెట్టెలో లైట్లు లేవూ?"

దుప్పటి బల్ల మీదికి చేరింది. ఆ ప్రశ్నకు జవాబు తర్వాతి దుప్పటిలో వచ్చింది.

"ఉన్నాయి. అయినా భయమేసిందే. కొండంతా నెత్తిమీదే ఉన్నట్టు."

ఆ గది ఒక పెద్ద హోటలు అడుగున, నేల కిందుగా ఉంది. గోడవారగా ఆరు ఉతికే యంత్రాలు, నాలుగు ఆరబెట్టే యంత్రాలు పొద్దున్న ఏడింటి నుంచి హోరుమంటూనే ఉంటాయి. ఆ హోరులో మాట వినపడాలంటే మొహంలో మొహం పెట్టాలి. ఒక దుప్పటి మడిచేలోగా ఇద్దరి మొహాలూ రెండుసార్లు దగ్గరవుతాయి. మొదటిసారి పెద్దావిడ చెబుతుంది, రెండోసారి చిన్నావిడ అడుగుతుంది. రోజుకు మూడు వందల దుప్పట్లు. ఇరవై రెండేళ్ళుగా వాళ్ళ రెండు సంసారాల కబుర్లూ ఇలా ఒక్కో ముక్కగానే నడిచాయి.

వాళ్ళు తోటికోడళ్ళు. ఒకే ఇంట్లో కాపురం మొదలుపెట్టి, అన్నదమ్ములు వేరుపడ్డాక ఊరికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు అయ్యారు. సెలవురోజున ఒకరింటికి ఒకరు వెళ్ళినా, కుర్చీల్లో ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడాలో తోచేది కాదు. "మనకి మాట రావాలంటే చేతిలో దుప్పటుండాలే," అని పెద్దావిడ నవ్వేది. భర్త పోయాక ఆమె తిరిగి పనిలోకి వచ్చిన రోజున మాత్రం ఇద్దరూ మూడు వందల దుప్పట్లూ ఒక్క మాట లేకుండా మడిచారు. ఆ రోజు ఒక్క మడత కూడా వంకరపోలేదు.

పెద్దావిడ సన్నగా, పొడవుగా ఉంటుంది. చేతులు చాచి చాచి భుజాలు కాస్త ముందుకు వంగాయి. బొటనవేళ్ళ కొసలు గుడ్డ రాపిడికి నున్నబడి గీతలు చెరిగిపోయాయి. ఒకసారి ఏదో ఆఫీసులో వేలిముద్ర తీసుకోబోతే, అక్కడి యంత్రం పదిసార్లు నొక్కించుకుని కూడా ఆమెను మనిషిగా ఒప్పుకోలేదు. ఆ సంగతి ఆమె ఎనిమిది దుప్పట్ల పాటు చెప్పింది.

యాభై తొమ్మిదేళ్ళు ఆమె జీవితం ఇలాగే సాగింది. తర్వాత ఈ ఎండాకాలం వచ్చింది.

నలభై దాటి, ఇక ఎవరూ అడగడం కూడా మానేసిన కొడుకు ఒక సాయంత్రం ఇంటికొచ్చి పెళ్ళి చేసుకుంటానన్నాడు. పిల్ల బడిలో లెక్కలు చెబుతుంది, ఇతని కంటే గట్టిగా నవ్వుతుంది. పెళ్ళైన పదో రోజున కూతురి ఊరి నుంచి కబురు. పదకొండేళ్ళుగా కడుపు పండని కూతురికి కవలలు. పెద్దావిడ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, "ఇద్దరా? సరిగ్గా చూశారా?" అని అడిగింది. ఆ పిల్లల్ని చూడటానికి పోతూ రైలు మారేచోట బెంచీ మీద సంచి మరిచిపోయారు. మూడు గంటల తర్వాత తిరిగొస్తే సంచి అక్కడే ఉంది, పక్కన ఎవరో ముసలాయన దానికి కాపలాగా కూర్చుని ఉన్నాడు. అక్కడి నుంచి కొత్త కోడలి పుట్టింటివాళ్ళ విందుకు ప్రయాణం. ఆ ఊరు సముద్రం ఒడ్డున ఉంది.

ఇన్ని మంచి సంగతులు వరసపెట్టి తన గుమ్మంలోకి రావడం ఆమెకు నమ్మశక్యంగా లేదు. ఎవరికో రావలసినవి ఇల్లు తప్పి వచ్చాయేమో, వాళ్ళొచ్చి అడిగితే తిరిగి ఇచ్చెయ్యాలేమో అనిపించేది. పొద్దున్నే లేచి ఒకటొకటీ తలచుకుని, అన్నీ ఉన్నాయని తెలుసుకున్నాక గానీ మంచం దిగేది కాదు.

ఆ పెళ్ళికి చిన్నావిడ కూడా ఉంది. ప్రయాణానికి రాలేకపోయింది. మడత పని వచ్చినవాళ్ళు ఇద్దరే కాబట్టి ఇద్దరికీ ఒకేసారి సెలవు కుదరదని సూపర్‌వైజరు చెప్పాడు. అందుకని తిరిగొచ్చినప్పటి నుంచి పెద్దావిడ ప్రయాణమంతా దుప్పటి దుప్పటికీ చెబుతోంది. పెళ్ళి ముచ్చట్లే మళ్ళీ రెండు రోజులు, కవలలు మూడు రోజులు, సంచి ఒక రోజు. సముద్రం మాత్రం ఇంకా రాలేదు.

ఇవాళ ఆఖరి రోజు. తలుపు పక్కన చెక్కపెట్టెలో మడత యంత్రం వచ్చి కూర్చుంది. రేపు దాన్ని బిగిస్తారు. చిన్నావిడ పై అంతస్తులో తువ్వాళ్ళ దగ్గరికి, పెద్దావిడ కుట్టుగదికి.

"రేపటికి మీ సీరియల్ అయిపోతుందామ్మా?" అని సూపర్‌వైజరు దాటిపోతూ ఆమె చెవి దగ్గర అరిచాడు.

"అవకపోతే నీ యంత్రానికి చెబుతాలే. అదన్నా బుద్ధిగా వింటుంది," అంది పెద్దావిడ.

చిన్నావిడ నవ్వింది గానీ ఆమె కళ్ళు పెట్టె మీదే ఉన్నాయి. రెండో కలయికలో అడిగింది: "సముద్రం ఎప్పుడు చెబుతావక్కా?"

"ఉండవే. ఇంకా రైలు దిగలేదు."

నిజానికి రైలు దిగడమంటేనే ఆమెకు బెంగగా ఉంది. పెళ్ళికి మాటలున్నాయి. పిల్లలకు మాటలున్నాయి. సముద్రం దగ్గరికొచ్చేసరికి నోట్లో ఏమీ లేదు. బొమ్మల్లో చూసింది, టీవీలో చూసింది. అక్కడ నిలబడి చూసింది వాటిలో ఏదీ కాదు. వారం నుంచి రోజూ పొద్దున్న బస్సులో కూర్చుని ఒక మాట వెతుక్కునేది, బస్సు దిగేసరికి అది చాలేది కాదు. మాటకు తోడుగా ఉంటుందని ఒక చేతిరుమాలును సముద్రంలో ముంచి, ఎండలో ఆరబెట్టి, కాగితంలో చుట్టి తెచ్చింది. మురికిగా ఉందని కోడలు దాన్ని రెండుసార్లు బకెట్లో వెయ్యబోతే లాక్కుంది. ఈ గదిలో ఏ గుడ్డ కనపడినా యంత్రంలోకి విసిరేస్తారని పొట్లాన్ని అన్నం సంచి అడుగున దాచింది.

మధ్యాహ్నం తినేటప్పుడు ఆమె ఎడమచెయ్యి పైకి లేవలేదు.

"ఏమైంది?"

"పిల్లల్ని ఎత్తుకున్నాగా. ఇద్దరికీ ఎడమచెయ్యే కావాలి."

"కాసేపు కూర్చో. నేను తలగడ గలీబులు చూస్తాలే."

"కూర్చుంటే సముద్రం నువ్వు చెబుతావా?"

భోజనం తర్వాత రైలు దిగారు. కోడలి ఇంట్లో జనం పట్టక వీళ్ళను ఒక చిన్న లాడ్జిలో పెట్టారు. పెద్దావిడ జీవితంలో మొదటిసారి ఇంకొకరు మడిచిన దుప్పటి మీద పడుకోబోతూ దాన్ని తీసి కొసలు చూసింది. కొసకు కొస అతికినట్టు కలిసింది.

"ఎవరో ఇద్దరు మడిచారే," అంది, కళ్ళు పెద్దవి చేసి. "అంత దూరంలో. మనలాగే ఎవరో ఇద్దరు."

"మనకంటే బాగానా?"

ఆ జవాబు కోసం పెద్దావిడ ఒక దుప్పటి అంతా ఆలోచించింది. "మనంతే. కుడివైపు కొంచెం వదులు."

గుట్ట తరిగింది. నలభై మిగిలాయి. ఇరవై. సముద్రం ఒడ్డుకు నడిచారు, ఇసుకలో చెప్పులు దిగబడ్డాయి, కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. అక్కడ పెద్దావిడ కథ ఆగిపోయింది. వరసగా ఐదు దుప్పట్లు మడిచారు. చిన్నావిడ ఒక్కసారే అడిగింది, "ఎంతుందక్కా?" అని. పెద్దావిడ తల అడ్డంగా ఊపింది.

తర్వాతి దుప్పటిని విదిలించాక ఆమె మడత వెయ్యలేదు. మళ్ళీ విదిలించమని కళ్ళతోనే సైగ చేసింది. గుడ్డ లేచింది, దిగింది. మళ్ళీ సైగ చేసింది. మళ్ళీ లేచింది. దాని కింద గాలి పరుగెత్తి చిన్నావిడ మొహానికి తగిలింది. నాలుగోసారి పెద్దావిడ కొసలు వదలకుండానే నడిచి దగ్గరికొచ్చింది.

"ఇలా ఉంటుంది. ఇలాగే లేస్తుంది, ఇలాగే దిగుతుంది."

"అంతేనా?"

"అంతే. కానీ అవతలి అంచు పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరే."

చిన్నావిడ కొసలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చేతుల మధ్య ఉన్న గుడ్డ వైపు, దాని అవతల పెద్దావిడ లేని చోటు వైపు చూసింది.

"మరి ఎవరు విదిలిస్తున్నట్టు?"

"నేనూ అదే చూశాను. పొద్దుగూకేదాకా నిలబడ్డాను. ఎవరూ కనపడలేదు."

మిగిలినవి గబగబా అయిపోయాయి. ఆఖరి దుప్పటిని బల్ల మీద పెట్టి పెద్దావిడ అరచేత్తో ఒకసారి నిమిరింది. మొహం తేలికపడింది, చెమట మాత్రం పట్టింది.

"నా సంచి అడుగున కాగితం పొట్లముంది, తీసుకో. నీకే. ఉతక్కు."

"ఏంటది?"

"ముందు బండి లిఫ్టు దాకా తోసిరా. నేను కూర్చుంటా."

చిన్నావిడ దుప్పట్ల బండి తోసుకుపోయింది. లిఫ్టు రావడానికి ఎప్పటిలాగే ఆలస్యమైంది. ఈలోగా నాలుగైంది. రేపటి బిగింపు కోసం ఇవాళ పెందలాడే యంత్రాలను ఒకటొకటిగా ఆపారు. ఆమె తిరిగొచ్చేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. పెద్దావిడ వెచ్చటి ఆరబెట్టే యంత్రానికి వీపు ఆనించి స్టూలు మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో, బొటనవేళ్ళు పైకి.

చిన్నావిడ ఏడడుగుల దూరంలో ఆగింది. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో అంత దూరం నుంచి మాట వినపడే అవకాశం రావడం అదే మొదటిసారి.

"అక్కా," అంది మామూలు గొంతుతో. ఆ మాట గోడల దాకా పోయింది. పెద్దావిడ దాకా పోలేదు.

పైనుంచి హోటలు డాక్టరు వచ్చాడు, మణికట్టు పట్టుకుని చూశాడు, వదిలేశాడు. కొడుక్కి ఫోను చేశారు. స్టూలు మీద నుంచి తీసి మడత బల్ల మీదే పడుకోబెట్టారు. ఆ బల్ల ఆమెకు సరిగ్గా సరిపోయింది. చిన్నావిడ పైకి వెళ్ళి, బండి మీద అన్నిటికంటే పైనున్న దుప్పటి తెచ్చి మడత విప్పింది. అవతలి అంచు సూపర్‌వైజరు పట్టుకున్నాడు. ఎప్పుడు విదిలించాలో అతనికి తెలియలేదు. ఆమె రెండుసార్లు ఆగి, మూడోసారి తలూపి చెప్పింది. గుడ్డ లేచి, గాలి నింపుకుని, మెల్లగా పెద్దావిడ మీదికి దిగింది.

కొడుకూ కోడలూ వచ్చేదాకా కూర్చోవాలి. చిన్నావిడ పెద్దావిడ అన్నం సంచి దగ్గరికి లాక్కుని, చెయ్యి పెట్టి అడుగునున్న పొట్లం తీసి విప్పింది. బూడిదరంగు చేతిరుమాలు, అంచున పెద్దావిడ కుట్టిన నీలం దారం. మడతల్లో పిండి చల్లినట్టు తెల్లగా ఏదో ఉంది. ఆమె దాన్ని నాలుక కొసకు తాకించింది. ఉప్పగా ఉంది. కళ్ళు మూసుకుంది. తర్వాత తీసుకెళ్ళి బల్ల కొసన, పెద్దావిడ తల దగ్గర పెట్టింది.

లోపలికొచ్చిన ప్రతి గుడ్డనూ ఉతికి పంపే ఆ గదిలో, గంజి లేకుండా, ఇస్త్రీ లేకుండా, ఆ చేతిరుమాలు తనంతట తానే బిరుసుగా నిలబడి ఉంది.