డాలర్ల సందులో అడగకూడని మాట

ఇస్తాంబుల్ పెద్ద బజారులో డాలర్ల సందులో పొద్దున తొమ్మిదింటికే వందమంది తలా రెండు ఫోన్లు పట్టుకుని గొంతు చించుకుంటుంటారు. కాగితం లేదు, సంతకం లేదు. "కొన్నా" అంటే కొన్నట్టే, "ఇచ్చా" అంటే ఇచ్చినట్టే. మాట వెనక్కి తీసుకున్నవాడి ముఖం మర్నాటి నుంచి టీ కుర్రాడు కూడా చూడడు. ఇంకో మర్యాద కూడా ఉంది: దళారీని ఎవరికోసం కొంటున్నావని అడగరు.

నెజాతీ పాతికేళ్లుగా దళారీ. లీరాలో వందో వంతు కురుష్, డాలరుకి అందులో సగం అతని కూలి. లాభమొచ్చినా నష్టమొచ్చినా గిరాకీలదే. సొంతానికి ఒక్క డాలరు కొన్న పాపాన పోలేదు.

ఆ మంగళవారం నగల వ్యాపారి ఓన్నిక్ ఫోన్లో రెండు లక్షల డాలర్లకి రేటు అడిగాడు. "ముప్ఫై రెండు లీరాల నలభై కురుష్‌లు" అన్నాడు నెజాతీ. ఫోన్ కట్టయింది. ఓన్నిక్ పదేళ్ల అలవాటు అది: నచ్చకపోతే బేరమాడతాడు, నచ్చితే మాట్లాడకుండా ఫోన్ పెట్టేస్తాడు. నెజాతీ చెయ్యెత్తి, ఎదురుగా ఉన్న వ్యాపారి బెకిర్‌తో "కొన్నా!" అని అరిచాడు.

రెండు నిమిషాలకి కొత్త నంబరు నుంచి ఓన్నిక్.

"ఫోన్ టీలో పడి చచ్చింది నాయనా! మరీ ఎక్కువ రేటు చెప్పావు, నాకొద్దు."

కొన్న రెండు లక్షలు ఇక నెజాతీవే. అంతలో అంకారా నుంచి ఏదో పుకారు, డాలరు దిగడం మొదలైంది. ముప్ఫై కురుష్‌లు, పాతిక, ఇరవై. అప్పటికే నలభై వేల లీరాలు గోవిందా, అంటే ఇలాంటి నలభై బేరాల కూలి. మూడింటికి బెకిర్‌కి మొత్తం సొమ్ము అప్పజెప్పాలి. అంత డబ్బు అతని వంశంలో ఎవరూ కళ్లజూడలేదు. అమ్మాలి. కానీ అమ్ముతానని నోరు జారితే, ఇరుక్కున్నాడని పసిగట్టి రేటును పాతాళానికి తొక్కేస్తారు.

"ఏం నెజాతీ, ముఖం సున్నం కొట్టినట్టుంది?" అన్నాడు బెకిర్.

వ్యాపారులు చేస్తుంటే చూసి అసహ్యించుకున్న పనే నెజాతీ చేశాడు. గొంతు సవరించుకుని, లేని గిరాకీ ఉన్నట్టు అరిచాడు.

"ఇరవై రెండుకి కొంటా! ఇంకో రెండు లక్షలు!"

ఎవడైనా "ఇచ్చా" అన్నాడో, నాలుగు లక్షలు నెత్తిన పడతాయి. బెకిర్ నోరు తెరిచాడు. నెజాతీ చూపు తిప్పలేదు. బెకిర్ నోరు మూసుకున్నాడు.

"ఇతని చేత అంత కొనిపించేది ఓన్నిక్ ఒక్కడే. ఏదో వాసన తగిలినట్టుంది రోయ్" అని ఎవరో గొణిగారు. పాతిక, ముప్ఫై, ముప్ఫై అయిదు.

"ముప్ఫై ఎనిమిదికి కొంటా, రెండు లక్షలు!"

ఆ గొంతు సెలామీది. ఒకప్పుడు నెజాతీయే చెయ్యిపట్టి సందులోకి తీసుకొచ్చాడు. పోయిన నెలే తండ్రి టాక్సీ నంబరు ప్లేటు, ఆ ఊళ్లో ఇల్లంత ఖరీదు చేసే పర్మిట్టు, అమ్మి సొంతంగా వ్యాపారానికి దిగాడు.

నెజాతీ ఆగాడు. ఇంకెవడైనా అరిస్తే బాగుండునని చూశాడు. ఎవడూ అరవలేదు.

"ఇచ్చా" అన్నాడు.

బెకిర్ సొమ్ము వేళకి ముందే చేరింది. నష్టం నాలుగు వేలతో పోయింది. నెజాతీ మాట నిలబడింది. రేటు మాత్రం రెండింటికల్లా పదికి దిగింది.

సెలామీ రెండు టీలు పట్టుకొచ్చాడు. "నాకు అమ్మింది వేరే గిరాకీ కదన్నా? ఓన్నిక్ ఇంకా కొంటాడుగా? నీ గొంతు వినే కొన్నా. ఎందాకా ఆగమంటావు?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆగితే ఇతను ఇంకా మునుగుతాడు.

"ఆగొద్దు, అమ్మెయ్. ఓన్నిక్ కొనలేదు. నేనే ఇరుక్కున్నా."

"మరి ఇరవై రెండుకి కొంటానని అరిచావుగా?"

"అరిచా."

సెలామీ టీ ముట్టకుండా వెళ్లిపోయాడు. నెజాతీకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు నిజంగానే ఒక గిరాకీ దొరికింది. నెజాతీ చెయ్యెత్తాడు. "పదిహేనుకి కొంటా, యాభై వేలు!"

"ఎవరికోసం?" అన్నాడు సెలామీ.

సందులో అరుపులు ఆగిపోయాయి. పాతికేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు.

"అవును, ఎవరికోసం?" అన్నాడు బెకిర్.

నెజాతీ ఎత్తిన చెయ్యి దించేశాడు. ఆ యాభై వేలు పక్కవాడు కొనేశాడు.