బిషప్ అడిగిన ప్రశ్న

బాలిగారన్ ఊరి బడిలో జ్ఞానోపదేశమనే మతపాఠాల పుస్తకం మొదటి పుట నుంచి చివరిదాకా కంఠతా వచ్చిన పిల్ల డింప్నా హెనెగన్ ఒక్కతే. ఏం లాభం? వచ్చిన ప్రతి ముక్కా నోట్లోనే ఆగిపోతుంది. పదకొండేళ్ళ ఆ పిల్లకు నత్తి.

ఆ ఊరికి బిషప్ మూడేళ్ళకోసారి వస్తాడు. పిల్లలను ప్రశ్నలడిగి, నుదుట నూనె రాసి దీవిస్తాడు. ఆ దీవెన అందితేనే పెద్దపిల్లల కింద లెక్క. ఆయన రాక దగ్గరపడగానే, బడి నడిపే సన్యాసిని సిస్టర్ బెనిగ్నస్, డింప్నా తల్లి నోరాను బడికి పిలిపించింది.

“ఆ రోజు పిల్లకి జ్వరమని చెప్పి ఇంట్లో ఉంచెయ్ నోరా. బడి పరువు పోకూడదు.”

“దానికి అన్నీ వచ్చు సిస్టర్. కాస్త ఆగి వింటే చెబుతుంది.”

“ఆగడానికి బిషప్‌గారికి తీరికెక్కడిది?”

నోరా మండిపడుతూ ఇల్లు చేరింది. తన పెళ్ళిగౌను కుట్లు విప్పి కూతురికి తెల్లగౌను కుట్టింది. రోజూ సాయంత్రం పొయ్యి పక్కన కూర్చోబెట్టి పాఠం చెప్పించుకుంది. తల్లి ముందు డింప్నా మాట బాగానే సాగేది. ఎవరేమన్నా సరే నిన్ను నేనే తీసుకెళ్తానంది నోరా. డింప్నా నమ్మింది.

బిషప్ వచ్చిన రోజు చర్చిలో ఆ పిల్లను చూడగానే సిస్టర్ పళ్ళు కొరికింది. వరస చివర, స్తంభం చాటున కూర్చోబెట్టింది. బిషప్ మంచి ముసలాయన. చాటున ఉన్న పిల్ల సిగ్గుపడుతోందనుకుని నేరుగా అక్కడికే వెళ్ళాడు. అన్నిటికన్నా తేలికైన ప్రశ్న ఏరి అడిగాడు.

“లోకాన్ని సృష్టించింది ఎవరమ్మా?”

డింప్నా లేచింది. “దే” అంది. మళ్ళీ “దే” అంది. దవడ వణికింది, కళ్ళు మూసుకుపోయాయి, పిడికిలి తొడమీద కొట్టుకుంది. వెనక బెంచీ నుంచి ఎవడో మేకలా “మే” అన్నాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. పెద్దవాళ్ళు నవ్వు ఆపుకుంటూ పెదవులు బిగించారు. బిషప్ ఓపిగ్గా నిలబడ్డాడు. ఆయన నిలబడ్డకొద్దీ నవ్వు పెరిగింది.

సిస్టర్ వచ్చి, అందరికీ వినపడేలా, “మన్నించండి ప్రభూ. పిల్లకి తెలివి తక్కువ. పొరపాటున వరసలో చేరింది,” అంది.

ఆయన జాలిగా తల నిమిరి, వచ్చేసారి చూద్దామని ముందుకు కదిలాడు.

తల్లి వైపు తిరిగింది డింప్నా. అమ్మ లేచి, దానికి అన్నీ వచ్చని చెబుతుందని చూసింది. నోరా జపపుస్తకంలోంచి తల ఎత్తలేదు.

బయట మాంసం కొట్టు యజమాని భార్య మిసెస్ టైనన్ వచ్చి, పాపం ఎందుకు తెచ్చావని పరామర్శించింది. చుట్టూ నలుగురు చేరారు.

“నేను వద్దనే చెప్పాను. ఇదే పట్టుబట్టింది. దీని బుద్ధే అంత,” అంది నోరా.

తల్లి మొహంలోకి చూసింది డింప్నా. నోరా కూతురి చెయ్యి వదిలి ముందు నడిచింది.

సోమవారం సిస్టర్ డింప్నాను ఏడేళ్ళ పిల్లల్లో కూర్చోబెట్టింది. బెంచీ పొట్టిది. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి. కోల్మన్ అనే పిల్లాడు పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగాడు. సిస్టర్ మళ్ళీ చదవమంది. మళ్ళీ ఆగాడు. కళ్ళ నీళ్ళు కారాయి. తరగతి నవ్వింది.

డింప్నా కూడా నవ్వింది, అందరికన్నా గట్టిగా. ఆ నవ్వు ఎక్కడా తడబడలేదు. కోల్మన్ వెనక్కి తిరిగి, అందరినీ వదిలి ఆమెనే చూశాడు. ఆమె ఆపలేదు.