బావి సందు ఈలపిల్ల

ఒక్క పేజీలోనే ‘తడి జడ’ మూడోసారి వచ్చింది. ఆమె టైపు చేయడం ఆపి వంటింట్లోకి వెళ్ళి పాలు దించి, అత్తగారి మాత్రలు తీసి పెట్టి, తిరిగొచ్చి కూర్చుని ఆ మాట కొట్టింది. తడి జడ. ఆ వెనకే ‘సన్నని మణికట్టు’. భర్త రాత కోడి కెలికినట్టు ఉంటుంది. లోకంలో దాన్ని చదవగలిగింది ఆమె ఒక్కతే. అందుకని పదకొండేళ్ళుగా ప్రతి గురువారం సాయంత్రం ఆస్పత్రి ఉద్యోగం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆదివారం పత్రికకు ఆయన రాసే పాతపేట వ్యాసం టైపు చేయడానికి కంప్యూటరు ముందు కూర్చుంటుంది. ఎంత చూసినా అంతుపట్టని చోట సందర్భాన్ని బట్టి తనే ఒక మాట వేస్తుంది. అచ్చయ్యాక ఆయన ఆ మాట దగ్గరే వేలు పెట్టి, “ఇది భలే కుదిరింది నాకు” అంటాడు.

ఆయన కాలేజీలో చరిత్ర చెప్తాడు. కానీ ఊరు ఆయన్ని ‘పాతపేట సారు’ గానే ఎరుగును. పాతపేట ఇప్పుడు లేదు. నలభై రెండేళ్ళ కిందట పెద్ద బస్టాండు కట్టడానికి అక్కడున్న నూట నలభై ఇళ్ళనూ వారం రోజుల్లో నేలమట్టం చేశారు. ఇళ్ళు పోయాయి గానీ కథలు పోలేదు. ఏడో నంబరు ప్లాట్‌ఫారం దగ్గర బస్సు ఇంజను దానంతటదే ఆగిపోతుందని డ్రైవర్లు అంటారు. టికెట్ల కౌంటరు కింద పూడ్చని బావి ఉందని, నేలకు చెవి ఆనిస్తే గిలక చప్పుడు వినిపిస్తుందని ఊడ్చేవాళ్ళు చెప్తారు. అన్నిటిలోకీ ఊరికి ప్రాణమైన కథ ఈలపిల్లది. బావి సందులో ఉండేదట. చుక్కలాంటి పిల్లట. గుమ్మంలో నిలబడి ఈల వేస్తే ఆమె ప్రియుడు, ఎవరో లారీ డ్రైవరు, ఎంత దూరాన ఉన్నా బండి తిప్పుకుని వచ్చేవాడట. ఇళ్ళు కూల్చే ముందు రోజు నుంచి మరి కనిపించలేదట. భర్త వ్యాసాల్లో ఈ ‘అట’లు ఉండవు. అక్కడ ఈలపిల్ల ‘ఉండేది’, ‘నవ్వేది’, ‘తడి జడ విదిలించేది’.

సవతి మట్టిబొమ్మయినా పోరు తప్పదంటారు. ఆమె సవతికి మట్టి కూడా లేదు, ఉన్నదంతా అక్షరాలే, ఆ అక్షరాలను వారం వారం తన వేళ్ళతోనే పేర్చాలి. పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో భర్త తన మణికట్టు గురించి మాట్లాడింది ఒక్కసారే. కుక్కరు ఆవిరి కొట్టి కాలినప్పుడు, “చూసుకోవద్దూ” అన్నాడు. ఆ మచ్చ ఇంకా ఉంది. ఒకరోజు ఉదయం, తనకే సిగ్గనిపిస్తుండగా, తలంటుకున్న జుట్టును తడితడిగానే అల్లి ఆయన బల్ల పక్కనుంచి రెండుసార్లు అటూ ఇటూ నడిచింది. ఆయన తలెత్తకుండానే, “జుట్టు తుడుచుకో. కాగితాల మీద నీళ్ళు పడుతున్నాయి” అన్నాడు. మరో గురువారం కడుపు మండి ఈలపిల్లకు ఎత్తుపళ్ళు తగిలించింది. ఆయన ఆ కాగితం చూసి పకపకా నవ్వాడు. “ఈలపిల్లకి ఎత్తుపళ్ళేమిటే! నీ బుర్రకి అందం గురించి ఏమైనా తెలిస్తేగా.” దగ్గరుండి కొట్టేయించాడు.

అత్తగారు కనిపెట్టకపోలేదు. “లేనిదాన్ని తలుచుకుని రాసుకుంటే దానికీ ఏడుపేనా అమ్మాయ్? వాడేమీ బజారున పడి తిరగడం లేదు కదా. సంతోషించు.”

సంతోషించడం ఆమెకు చేతకాలేదు. రెండేళ్ళ కిందట ఒక వ్యాసం చివరి వాక్యంలో ఒక మాట అడ్డదిడ్డంగా ఉంది. ‘ఆ రోజు ఈలపిల్ల’, ఆ తర్వాత మెలికలు. మెలికలు విప్పితే అది ‘మాయమైంది’. ఆమెకు తెలుసు. పదకొండేళ్ళ అనుభవం, తెలియకేం? అయినా చేతులు కీబోర్డు మీద ఒక్క క్షణం ఆగి, ‘బావిలో దూకింది’ అని కొట్టాయి. చంపేశాను, పీడ వదిలింది అనుకుంది. ఆ వ్యాసం పంపేసి, చాలా రోజులకు మొదటిసారి కూనిరాగం తీస్తూ అంట్లు తోముకుంది.

పీడ వదల్లేదు సరికదా నెత్తికెక్కింది. ఆ వారం పత్రికకు సంచులకొద్దీ ఉత్తరాలు వచ్చాయి. కాలేజీ ఆడపిల్లలు ఏడ్చామని రాశారు. ఎవరో టికెట్ల కౌంటరు దగ్గర పూలు పెట్టి వెళ్ళారు. బళ్ళలో టీచర్లు చదివి వినిపించారు. భర్త ఆ వాక్యం మీద వేలు పెట్టి, “ఎంత కుదిరిందో చూడు” అన్నాడు. ఇన్నాళ్ళూ అందగత్తె మాత్రమే అయిన ఈలపిల్ల ఇప్పుడు చచ్చి దేవత అయి కూర్చుంది. చనిపోయినదానితో ఎవరు పోటీ పడగలరు? ఆ పాఠకుల ఉత్తరాలు తేదీల వారీగా సర్దిపెట్టే పని కూడా ఆమెకే పడింది.

ఆమె పని చేసేది కంటి ఆస్పత్రిలో, కొత్త రోగుల పేర్లు రాసుకునే కౌంటరులో. పేరు, వయసు, చిరునామా, ఏ కన్ను. రోజుకు రెండు వందల చీటీలు. ఒక మంగళవారం ఒక పెద్దావిడ, పక్కన బడి యూనిఫాంలో మనవరాలు, కౌంటరు ముందుకొచ్చారు. డెబ్భై రెండేళ్ళు, రెండు కళ్ళలోనూ శుక్లాలు, ముందు కుడి కన్నుకి ఆపరేషన్.

“చిరునామా చెప్పండి పెద్దమ్మా.”

“బావి సందు, మూడో గుమ్మం.”

మనవరాలు నాలిక కరుచుకుంది. “సారీ మేడమ్. ఎవరడిగినా నాన్నమ్మ అదే చెప్తుంది. అది ఇప్పుడు లేదు. నేను చెప్తా, రాసుకోండి.”

ఆ అమ్మాయి చెప్పిన చిరునామా ఎలా రాసిందో ఆమెకు గుర్తులేదు. భోజనం వేళ కాగానే డబ్బా పట్టుకుని వరండా బెంచీ మీద ఆ ఇద్దరి పక్కన చేరింది. మొగుడు ఎవరి వెంటో పడుతున్నాడని విన్న మనిషి దాని ఊరివాళ్ళను ఆరా తీసే గొంతుతో అడిగింది.

“మీ సందులో ఈల వేసే అమ్మాయి ఒకతె ఉండేదట కదా. మీరు చూశారా? నిజంగా అంత అందగత్తెనా?”

పెద్దావిడ మనవరాలి వైపు తిరిగింది. తర్వాత పెద్దావిడ, “అమ్మాయేమిటి తల్లీ, అప్పటికే ముగ్గురు పిల్లల తల్లిని” అని నవ్వింది. నవ్వితే పైపళ్ళు పారల్లా ముందుకొచ్చాయి, వాటి నడుమ వేలు పట్టేంత సందు. “ఈ పళ్ళు చూసే మా అత్త నన్ను పారపళ్ళదీ అని పిలిచేది. ఆ సందే లేకపోతే నాకు ఈల వచ్చేది కాదు.”

చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. పెద్దావిడ చెప్పుకుపోయింది. పేట మొత్తానికి ఒకటే కొళాయి, అది బావి సందులోనే. బావి నీళ్ళు ఉప్పు, అదీ మోకాలి లోతు. కొళాయి నీళ్ళు ఏ వేళకొస్తాయో ఎవరికీ తెలియదు, వస్తే అరగంట. తను గుమ్మంలో కూర్చుని చొక్కాలకు గుండీలు కుట్టేది. కొళాయి బుస్సుమంటే చాలు, ఈల వేసేది. బిందెలు పట్టుకుని నూట నలభై గుమ్మాల్లోంచీ ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చేవాళ్ళు.

“ఆ పని మీకు ఎవరు చెప్పారు?”

“ఎవరు చెప్తారమ్మా. ఒకరోజు నాకై నేను వేశాను. మర్నాడు జ్వరమొచ్చి వేయకపోతే, ‘ఏం, నోరు పడిపోయిందా, నీళ్ళు పోయాయి’ అని ఇంటిమీదికొచ్చారు. అంతే, అది నా పనైపోయింది. పదమూడేళ్ళు.” పెద్దావిడ కొంగుతో కన్ను తుడుచుకుంది, శుక్లం నీరే అయి ఉంటుంది. “ఆడది ఈలేస్తే ఇల్లు నిలవదని మా అత్త రోజూ సణిగేది. ఇళ్ళు కూలుస్తామని కాగితం వచ్చిందా, ఇక సందు సందంతా అదే పాట. నా ఈల వల్లే పేట పోయిందట. నా ఈల విని నీళ్ళు పట్టుకున్నవాళ్ళే అన్నారు. కూల్చే ముందు రోజు మా ఆయన మమ్మల్ని బండెక్కించి ఊరికి ఆ కొసన దించాడు. ఒక్కరూ ఎదురు రాలేదు.”

మనవరాలు మెల్లగా అంది. “మా బళ్ళో ఆ సారు రాసింది చదివించారు మేడమ్. బావిలో దూకిందని. ఇంటికొచ్చి నాన్నమ్మకి చెప్తే రెండు రోజులు అన్నం ముట్టలేదు.”

“లారీ డ్రైవరనీ, జడనీ, వాళ్ళిష్టం, ఏమన్నా అనుకోనీ” అంది పెద్దావిడ. “ఎవడి కోసమో చచ్చానని మాత్రం ఎందుకు రాయాలి? చావాలనుకుంటే నాకు వేరే కారణాలు లేవా? ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని బతికానమ్మా. అది ఎవరికీ కథ కాలేదు.”

ఆ మాట రాసిన వేళ్ళు ఆమె ఒళ్ళోనే ఉన్నాయి. వాటిని కొంగులో దాచుకుంది. సిగ్గుపడాలి, పడింది కూడా. కానీ విచిత్రమేమిటంటే సిగ్గు అడుగున కుళ్ళు అలాగే ఉంది, ఇంకా పెరిగింది. ఆ జడ మీద కాదు, మణికట్టు మీద కాదు. ఈమె ఒక్క ఈల వేస్తే నూట నలభై తలుపులు తెరుచుకున్నాయి. తను భోజనానికి రమ్మని మూడుసార్లు పిలిస్తే పక్కగదిలోంచి ఒక్క మనిషి ఊఁ అనడు.

ఆ సాయంత్రం భర్త భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పింది. “ఈలపిల్ల బతికే ఉంది. ఈవేళ నేనే చీటీ రాశాను.” అంతా చెప్పింది, కొళాయి, గుండీలు, పళ్ళు. ఆయన మొహం వెలుగుతుందనుకుంది. ఇన్నేళ్ళు కలవరించిన మనిషి కదా. ఆ వెలుగు చూడాల్సి వస్తుందని భయపడింది కూడా.

ఆయన మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు. “ఎవరితోనూ అనకు.”

“అదేమిటి?”

“ఈ వ్యాసాలన్నీ కలిపి పుస్తకం వచ్చే నెల అచ్చుకి వెళ్తోంది. శుక్లాల ముసలమ్మని తెలిస్తే ఎవరు చదువుతారు? ఆ పిల్ల బావిలో దూకబట్టే అది కథ అయింది.”

“దూకిందని మీరు రాయలేదు. మీరు రాసింది ‘మాయమైంది’ అని. దూకించింది నేను.”

ఆయన ఆమె వైపు చూశాడు, కోపంగా కూడా కాదు. “అయితే ఏమైంది? టైపు చేసేటప్పుడు తప్పులు పడుతుంటాయి. అచ్చయింది నా పేరు మీద కదా. అది నాది.”

పక్కనుంచి అత్తగారు, “భోంచేసేటప్పుడు వాణ్ణి వేధించకమ్మాయ్” అన్నారు.

ఆమె గిన్నెలు తీసేసింది. పదకొండేళ్ళు తను ఎవరిని చూసి ఉడికిందో అప్పుడు అర్థమైంది. ఆయనకు ఈలపిల్ల మీద కూడా ప్రేమ లేదు. బతికున్న ఏ ఆడదీ ఆయన వాక్యంలో పట్టదు. ఇక కుళ్ళుకోవాల్సింది ఈలపిల్లను చూసి కాదు, అచ్చయిందంతా నాదే అని తడుముకోకుండా అనగలిగిన ఈ మనిషిని చూసి. ఆ నిబ్బరం తనకెందుకు లేదు?

గురువారం వచ్చింది. ఆయన కాగితాలు బల్ల మీద ఉన్నాయి. వాటిని పక్కకు జరిపి ఆమె తన వ్యాసం మొదలుపెట్టింది. మెలికలు విప్పే పని లేదు, మాటలు వాటంతటవే వచ్చాయి. కొళాయి రాసింది, ఉప్పు బావి రాసింది, పారపళ్ళు రాసింది. చివర తన నేరం కూడా రాసింది, ఎందుకు చేసిందో దాచకుండా. అది పట్టుకుని శనివారం పెద్దావిడ ఇంటికి వెళ్ళింది. ఆపరేషన్ అయిన కన్నుకు ఇంకా కట్టు ఉంది. మనవరాలు గుమ్మంలో కూర్చుంది. ఆమె తను రాసింది మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించింది. తను ఎవరి భార్యో చెప్పింది. ఏ మాట తనదో చెప్పింది. చదవడం అయ్యాక తలెత్తడానికి భయమేసింది.

పెద్దావిడ ముందుకు వంగి, “నన్ను చూసి కుళ్ళుకున్నావా?” అంది.

“అవును.”

“నన్నా? ఈ పళ్ళదాన్నా?” గట్టిగా నవ్వబోయి, కన్ను నొప్పి పుట్టి చెయ్యి అడ్డం పెట్టుకుంది. “జన్మలో నన్ను చూసి కుళ్ళుకున్నదానివి నువ్వొక్కదానివే తల్లీ. అది కొట్టేయకు. అలాగే ఉంచు.”

ఆదివారం పేజీ చూసే సంపాదకురాలితో ఇన్నేళ్ళూ మాట్లాడింది ఆమే. ‘సారు వ్యాసం పంపాను’, ‘సారు ఫోటో పంపాను’. ఈసారి తన వ్యాసం పంపితే అటునుంచి ఫోను వచ్చింది.

“ఇది సారు రాసింది కాదు కదండీ?”

“కాదు.”

“ఆయన వ్యాసాల్లో అక్కడక్కడా ఒక మాట వేరేగా మెరిసేది. ఎవరిదా అనుకునేదాన్ని” అంది సంపాదకురాలు. “వేస్తాను. కానీ ఇంట్లో గొడవైతే?”

“గొడవ కాక మానదు. వేయండి.”

మరుసటి ఆదివారం పేజీలో పైన, కొత్త వ్యాసం రాలేదు గనక, ‘పాతపేట సారు’ స్థలంలో పాత వ్యాసమొకటి వేశారు. కింద సగం పేజీ ఆమెది. అత్తగారు అద్దాలు పెట్టుకుని సగం దాకా చదివి, “ఈ పేరు నీదేనా అమ్మాయ్?” అని అడిగి, జవాబు కోసం చూడకుండా మిగతా సగం చదివారు. భర్త నిలబడే చదివాడు. కేకలేస్తాడేమోనని ఆమె చేతిలోని తువ్వాలు మడతపెడుతూ నిలబడింది. ఆయన కేకలేయలేదు. చివరి వాక్యం దాకా వచ్చి, మళ్ళీ మొదటికి వెళ్ళి, ఒకచోట వేలు పెట్టాడు. ‘భలే కుదిరింది’ అనలేదు. తలెత్తి ఆమె జడను కాదు, చేతులను కాదు, మొహంలోకి చూశాడు. ఇంట్లో కొత్తగా దిగిన మనిషిని, తనకంటే మంచి గది దక్కిన మనిషిని చూసినట్టు. ఆ చూపు ఆమెకు కొత్త కాదు. పదకొండేళ్ళు అద్దంలో తను చూసుకున్నదే.

“వచ్చే వారం కూడా రాస్తావా?” అన్నాడు.

“ఇంకా అనుకోలేదు” అంది ఆమె.

అప్పటికే అనుకుంది.