గోదాము డబ్బా

నిచ్చెన పైమెట్టు మీద నిలబడి, పళ్ల మధ్య స్క్రూ కరిచిపట్టుకుని, వీరన్న కప్పుకి రంధ్రం వేస్తున్నాడు. సున్నం పొడి బట్టతల మీదా కనుబొమల మీదా రాలి, పిండిమరలో పనిచేసే మనిషిలా ఉన్నాడు. డ్రిల్లు ఆపిన ప్రతిసారీ చెయ్యి చొక్కా జేబు మీదకి పోతోంది. పొద్దుటి నుంచీ జేబులో ఫోను పలకలేదు. పలకకపోతేనే మంచిదని కాసేపు, ఒక్కసారి పలికితే బాగుండునని కాసేపు అనుకుంటున్నాడు.

అనకాపల్లి ఊరి చివర ఈ ఇంజనీరింగు కాలేజీలో అతన్ని నిచ్చెన వీరన్న అంటారు. కాలేజీ పెట్టిన కొత్తలో వైఫై డబ్బా ప్రిన్సిపాలు గదిలో ఒక్కటే ఉండేది. దాన్ని బిగించిందీ అతనే. తర్వాత పిల్లలందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చాయి. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఫోను, లాప్‌టాపు, మణికట్టుకి ఇంకోటి. పాత డబ్బాలు ఆ బరువు మొయ్యలేక చతికిలబడ్డాయి. హైదరాబాదు నుంచి వచ్చిన నెట్‌వర్కు ఇంజనీరు జ్యోతిలక్ష్మి గది గదీ తిరిగి, ఎక్కడ ఎందరు కూర్చుంటారో, ఎన్ని ఫోన్లు తెస్తారో చూసుకుని కొత్త ప్లాను గీసింది. దూరానికి అరిచే పెద్ద డబ్బాలు కాదు, దగ్గరగా మాట్లాడే చిన్న డబ్బాలు చాలా కావాలంది. సోమవారం నుంచి క్లాసులు. ఈలోగా కొత్తవి బిగించాలి, పాతవి ఒక్కొక్కటే ఆపాలి. కొత్తవి రేపుగానీ వెలగవు.

వీరన్నకి వచ్చిన చిక్కల్లా స్టడీ హాలుతోనే. అది ఒకప్పటి బెల్లం గోదాము. మూరెడు మందం గోడలు. లోపలికి మామూలు సిగ్నలు రాదు, అక్కడున్న పాత వైఫై డబ్బా వెలుగుతుంటేనే ఫోను పలుకుతుంది. ఈ రోజంతా పని అక్కడే. భార్య కాసులమ్మేమో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆసుపత్రిలో ఉంది. పక్కన ఆమె తమ్ముడు బాబ్జి ఉన్నాడు.

పొద్దున్న మంచం పక్కన నిలబడి, వెళ్లాలా వద్దా అని అతను నలుగుతుంటే, ఆమే తరిమింది.

"నువ్విక్కడ కూకుంటే నాకు నయమైపోద్దేటి? ఎల్లు. ఆ ఫేను కట్టెయ్యి, సలేత్తంది."

ఫేను కట్టేసి, దుప్పటి మెడదాకా లాగి వచ్చాడు.

వచ్చీరాగానే జ్యోతిలక్ష్మిని అడిగాడు. "అమ్మా, ఈ గోదాము డబ్బా సాయంత్రం దాకా ఉంచుతారా? ఆస్పత్రి నుంచి ఫోనొత్తాదేమోనని."

"అయ్యో, ఉంచుదాం వీరన్నగారూ. దీన్ని ఆఖర్న చూద్దాం."

పెళ్లి భోజనంలో కూడా రెండోసారి పులిహోర అడగని మనిషి అతను. ఒక్కసారి అడిగాడు, ఆమె ఒప్పుకుంది. అక్కడికి గుండె కుదుటపడింది.

మధ్యాహ్నం జ్యోతిలక్ష్మి హాల్లోకి వచ్చి, పైకి చూసి, చేతిలోని ప్లాస్టిక్ ట్యాగుల కట్ట నిచ్చెన కిందిమెట్టు మీద పెట్టింది. డ్రిల్లు మోతలో వినబడేలా, "గోదాము డబ్బా కట్టెయ్యండి!" అని కేకేసి, పక్క బ్లాకుకి బయల్దేరింది.

వీరన్న డ్రిల్లు ఆపాడు. సాయంత్రం దాకా ఉంచుదామందే! మరిచిపోయిందేమో. వెనకాలే గుమ్మం దాకా వెళ్లాడు. ఆమె ఫోనులో ఎవరి మీదో చిరాకు పడుతోంది. 'పొద్దున్న అడిగేను గదమ్మా' అనబోయి వెనక్కి తగ్గాడు. ఇంత మెతకతనం పగవాడికి కూడా ఉండకూడదు. తిరిగొచ్చి, మూలనున్న స్విచ్చు కట్టేశాడు. డబ్బా మీద పచ్చదీపం ఆరిపోయింది. త్వరగా ముగించుకుని బయటపడదామని మళ్లీ నిచ్చెనెక్కాడు.

ఎండ వాలాక జ్యోతిలక్ష్మి వచ్చింది.

"ఇదెందుకు ఆగిపోయింది?"

"మీరే కట్టెయ్యమన్నారు కదమ్మా."

"ఆఫ్ చెయ్యమనలేదండీ! దాని వైరు వేలాడుతోంది కదా, అది కట్టమన్నాను. వైర్లు కట్టే ట్యాగులు కూడా పెట్టి వెళ్లాను."

వీరన్న తలెత్తాడు. డబ్బా వెనక నుంచి వైరు జారి వేలాడుతోంది. వాళ్ల వైపు ఆపడాన్ని కట్టడమనే అంటారు; లైటు కడతారు, కుళాయి కడతారు, మోటారు కడతారు. ఆ మాటని ఇంకోలా వినొచ్చని అతనికి తోచనే లేదు.

పరుగున వెళ్లి స్విచ్చు వేశాడు. దీపం ఎర్రగా కొట్టుకుని, కొట్టుకుని, పచ్చబడింది. జేబులో ఫోను మోగింది.

"ఎక్కడికెల్లిపోయేవు బావా? మద్దేన్నం నుంచి సేత్తన్నాను, అందలేదు. నీతో మాటాడతానని ఫోను సెవి కాడ ఎట్టించుకుంది అక్క. అలా ఎట్టుకునే..." బాబ్జి మాట ఏడుపులో కలిసిపోయింది.

వీరన్న గోడకి చెయ్యి ఆనించాడు.

"ఫేను కట్టేసే ఉందేటి బాబ్జీ? దానికి సలేత్తాది."

జ్యోతిలక్ష్మికి విషయం అర్థమైంది. "నేను... కారులో దింపుతాను, పదండి," అంది.

"వద్దమ్మా. మీరు సరిగ్గానే సెప్పేరు."

చెప్పులు వేసుకుని, తల మీది సున్నమైనా దులుపుకోకుండా గేటు వైపు నడిచాడు. ఆమె ఆపలేకపోయింది.

హాల్లో పచ్చదీపం వెలుగుతోంది. నిచ్చెన కిందిమెట్టు మీద ట్యాగుల కట్ట, ఆమె పెట్టినచోటే, విప్పకుండా ఉంది.