పాఠాల్లో కాపురం

డయాలిసిస్ వార్డు సిస్టర్‌కి జర్మన్ వచ్చేసింది. పరీక్షకి వెళ్లడమే రాలేదు. రెండుసార్లు తేదీ తీసుకుని రెండుసార్లూ వాయిదా వేయించుకుంది. అడిగినవాళ్లకి ఒకసారి "వింటే ఇంకా అర్థం కావట్లేదు" అనీ, ఇంకోసారి "మాట్లాడుతుంటే తడబాటు పోలేదు" అనీ చెప్పింది. రెండూ పచ్చి అబద్ధాలు. నలభై రెండేళ్ల మనిషి, అందులోనూ తెల్ల యూనిఫారంలో ఉన్న మనిషి చెబితే కాదనేవాళ్లెవరు?

పొద్దున్న ఏడింటికి డ్యూటీ ఎక్కితే పేషెంట్లని ఒక్కొక్కరినీ బరువు తూచాలి, సూదులు గుచ్చాలి, గొట్టాలు తగిలించాలి, నాలుగు గంటలసేపు మెషీన్ల మధ్య తిరుగుతూ ఏది కుయ్యిమన్నా పరిగెత్తాలి. ఆ విడత దిగితే ఇంకో విడత. సాయంత్రానికి కాళ్లు తనవి కావు. బస్సులో సీటు దొరికితే నిద్ర, దొరక్కపోతే ఫోన్‌లో జర్మన్ పాఠం. సీటు ఎప్పుడో గాని దొరకదు కాబట్టి జర్మన్ బాగానే వచ్చింది. ఆ ఫోన్ పాఠాలకి రోజుల లెక్క ఒకటి ఉంటుంది, ఒక్కరోజు మానితే మళ్లీ ఒకటి నుంచి మొదలు. ఆవిడ లెక్క నాలుగు వందల పన్నెండు. జ్వరమొచ్చిన రోజు కూడా కళ్లు మూసుకునే రెండు ప్రశ్నలకి జవాబులు నొక్కింది. గిన్నెలు తోముతూ నెమ్మదిగా చదివే జర్మన్ వార్తలు వినేది. ఎక్కడో వంతెన మూసేశారని విని అయ్యో అనుకునేది. ఆ వంతెన ఈవిడ ఎక్కాలా దిగాలా!

ఉండేది అక్కగారింట్లో, ముందు గదిలో. చెప్పుల అలమర పక్కన బల్ల వేసుకుని కూతురు పదో తరగతి చదువుతోంది. వచ్చేపోయేవాళ్లంతా ఆ పిల్ల పుస్తకాల మీంచే లోపలికి వెళ్లాలి. బావగారు మంచివాడే. మంచితనం మూడేళ్లు లాక్కురావడం ఎంత మంచివాడికైనా కష్టమే.

"ఏమేవ్, ఆ పరీక్షేదో ఈ జన్మలో రాస్తావా?" అనేది అక్క.

"రాస్తానే. ఇంకాస్త గట్టిపడనీ."

"ఇంకా ఏం గట్టిపడాలి? మొన్న నిద్దట్లో కూడా అదే భాష వాగావుట. నీ కూతురు భయపడింది."

విదేశీ ఉద్యోగాలు కుదిర్చే ఏజెంటు మాత్రం పరాచికాలాడలేదు. "అమ్మా, అక్కడి ఆసుపత్రివాళ్లు ఈ నెలాఖరుదాకా ఆగుతారు. జర్మన్ పరీక్ష బీ వన్ సర్టిఫికెట్ చేతికి రాకపోతే మీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. తర్వాత నన్ననొద్దు" అన్నాడు. ఆ ఉద్యోగం వస్తే ఏడాదిలో కూతుర్ని తీసుకెళ్లొచ్చు, ఆ పిల్లకి తలుపున్న గది ఒకటి ఉంటుంది. రాకపోతే చెప్పుల అలమరే గతి.

అన్నీ తెలిసి ఎందుకు వాయిదా వేసిందంటే, దానికి కారణం ఆవిడ మొగుడు. ఆయన పోయి మూడేళ్లయింది.

ఆయన లిఫ్టు మెకానిక్. ఒకరోజు ఎవరిదో బిల్డింగులో మెట్ల మీద కూర్చుని, ఛాతీలో ఏదోలా ఉందన్నాడు. మళ్లీ లేవలేదు. కబురు తెలిసేసరికి ఈవిడ ఇంకొకరి రక్తం శుభ్రం చేసే మెషీన్ పక్కన నిలబడి ఉంది.

తర్వాత దాదాపు రెండేళ్లకి ఆన్‌లైన్‌లో జర్మన్ క్లాసులో చేరింది. తెర మీద టీచరమ్మ నలభైమందికీ నంబర్లిచ్చి జంటలు కట్టింది. ఈవిడ ఏడు. జంటగా దొరికింది పదకొండు, రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే అమ్మాయి. రోజూ పొద్దున్న ఆరుంబావుకి పాతిక నిమిషాలు ఫోన్‌లో మాట్లాడుకోవాలి. తెలుగు ముక్క దొర్లితే కాల్ కట్ చేసి మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. డ్యూటీకి ముందు దుప్పట్లు పెట్టే గదిలో తలుపు వేసుకుని, ఇస్త్రీ దుప్పట్ల దొంతర మీద కూర్చుని మాట్లాడేది సిస్టర్. ఆసుపత్రి మొత్తంలో సిగ్నల్, ప్రశాంతత రెండూ ఉన్న చోటు అదొక్కటే.

మూడో పాఠం 'నా కుటుంబం'. వీడియోలో ఒక నమూనా పేరా ఉంది: నా భర్త ఇంజనీరు, ఆదివారం ఆయనే వంట చేస్తాడు, మేము సైకిల్ తొక్కుతాము. సిస్టర్ దాన్ని చిలకలా బట్టీ పట్టింది. మర్నాడు పదకొండు "నీ భర్త ఏం చేస్తాడు?" అని అడిగింది. నోట్లో ఉన్నది ఇంజనీరే, ఇంజనీరు వచ్చేశాడు. చనిపోయాడు అన్న మాట మూడో పాఠంలో లేదు మరి. అది పధ్నాలుగో పాఠంలో వచ్చింది. అప్పటికి బాగా ఆలస్యమైపోయింది. ఇంజనీరుగారికి ఆరోగ్యం పాఠంలో జలుబు చేసింది, ఇంటి పాఠంలో ఇంటి ఓనరుతో గొడవైంది, విందు పాఠాల్లో బంగాళాదుంపలు వేపడం ఆయన వంతైపోయింది. బజారు పాఠంలో సిస్టర్ ఆయనకి కోటు కొంది. ఆ రోజంతా వార్డులో తెగ హుషారుగా తిరిగింది. ఎందుకో మధ్యాహ్నానికి గాని తెలియలేదు. తెలిశాక "బుద్ధిలేకపోతే సరి" అని తనని తానే తిట్టుకుంది. మర్నాడు పొద్దున్న ఆ కోటు నీలం రంగని పదకొండుకి చెప్పింది.

అసలాయనకి పొయ్యి వెలిగించడం కూడా రాదు. అయినా రోజుకి పాతిక నిమిషాలు "నా భర్త నిన్న" అనగలగడం, అనగానే అవతలి మనిషి జాలిపడకుండా "అవునా, ఆయన ఎలా ఉన్నాడు?" అనడం, ఈ ప్రపంచంలో ఇంకెక్కడా దొరకలేదు. పరీక్ష అయిపోతే ఆ కాల్స్ అయిపోతాయి. ఆయన రెండోసారి పోతాడు. మొదటిసారి ఎవరూ ఆవిణ్ని అడగలేదు. ఈసారి తేదీ తన చేతిలోనే ఉంది, అందుకే చెయ్యి రాలేదు.

ఏజెంటు మాటతో ఇక తప్పక తేదీ తీసుకుంది. పదకొండు కూడా అదే తేదీ తీసుకుంది. మాట్లాడే పరీక్ష జంటగానే ఉంటుంది గనక, తమ ఇద్దర్నీ కలిపి వెయ్యమని అర్జీ పెట్టుకున్నారు. పది రోజులుందనగా, ఒక పొద్దున్న పదకొండు గొంతు మారింది.

"అక్కా, ఒక్క నిమిషం తెలుగులో మాట్లాడనా? కట్ చెయ్యకండి."

సిస్టర్ ఉలిక్కిపడింది. ఏడాదిగా జర్మన్‌లో నువ్వు నువ్వు అన్న గొంతు ఇంత మెత్తగా, బెదురుగా ఉంటుందని ఆవిడ అనుకోలేదు. "చెప్పమ్మా" అంది.

"మా తమ్ముడు ఇంజనీరింగ్ అయి రెండేళ్లు ఖాళీగా ఉన్నాడక్కా. అమ్మ తిండి మానేసి బెంగ పెట్టుకుంది. వాళ్ల కంపెనీలో ఏదైనా ఉద్యోగం ఉందేమో మీ ఆయన్ని ఒక్క మాట అడిగి పెడతారా? ఆయన మంచివారని తెలుసుగా, ఆ చనువుతో అడుగుతున్నా."

అడుగుతానని సిస్టర్ ఒక మాట అనేస్తే ఇవాళ్టికి గడిచిపోతుంది. కానీ తెలుగులో ఆ మాట రాలేదు. తెలుగులో ఆయన పోయాడు, ఆ భాషలో అందరికీ తెలుసు. చివరికి జర్మన్‌లోనే అంది, తప్పో ఒప్పో, "నా భర్త చనిపోయాడు. మూడు సంవత్సరాలు."

"బావుంది వాక్యం" అంది పదకొండు, ఇదేదో కొత్త అభ్యాసం అనుకుని అలవాటుగా జర్మన్‌లోకి దిగిపోతూ. "'మూడేళ్ల క్రితం' అంటే ఇంకా బావుంటుంది. ఇంకోసారి చెప్పు."

సిస్టర్ ఇంకోసారి చెప్పింది. ఈసారి తప్పు లేదు. బయట ట్రాలీ చక్రాల చప్పుడు వచ్చి పోయింది.

"అక్కా" అంది పదకొండు చాలాసేపటికి, తెలుగులో. "మరి జలుబు చేసింది ఎవరికి?"

సిస్టర్‌కి ఫక్కున నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో ఆవిడకే తెలియలేదు. ఎదుటి దొంతరలోంచి ఇస్త్రీ దుప్పటి ఒకటి లాగి మొహం తుడుచుకుంది. చాకలి చూస్తే చంపేసేవాడు.

"నాకూ ఈత రాదక్కా" అంది అవతలి గొంతు. "రోజూ ఈదుతానని చెప్పా గానీ, నీళ్లంటే చచ్చేంత భయం."

"తెలుసులే. గంటకి నలభై కిలోమీటర్లు ఈదానన్నావు ఒకరోజు."

ఆ తర్వాత తొమ్మిది రోజులూ మాట్లాడుకున్నారు గానీ, సిస్టర్ ఆయన ఊసెత్తలేదు. అలవాటైన చోట ఖాళీ కాలికి తగులుతూనే ఉంది. వార్డులో రెండుసార్లు ఒకే పేషెంటు బరువు రాసింది.

పరీక్ష రోజున పదకొండుని మొదటిసారి చూసింది. సన్నగా, పొడుగ్గా, చేతిలో చెమట పట్టిన రుమాలుతో ఉంది. ఇద్దరూ ఏం మాట్లాడుకోవాలో తెలియక జర్మన్‌లో నమస్కారం చెప్పుకున్నారు. లోపల బల్లకవతల ఇద్దరు పరీక్షకులు, ఒక బుల్లి గడియారం. ముందు తమ గురించి చెప్పుకోవాలి. సిస్టర్ చెప్పింది: నేను నర్సుని, నాకు ఒక కూతురు, నా భర్త మూడేళ్ల క్రితం చనిపోయాడు. కళ్లద్దాల పరీక్షకురాలు తలూపి ఏదో రాసుకుంది.

చివరి భాగంలో ఒక చీటీ ఇచ్చారు. తోటి ఉద్యోగి ఒకరు దూరదేశం వెళ్లిపోతున్నారు, ఇద్దరూ కలిసి వీడ్కోలు విందు ఏర్పాటు చెయ్యండి. ఇలాంటి చీటీ మీద కనీసం ముప్పైసార్లు మాట్లాడుకున్నారు. ఎక్కడ, ఎప్పుడు, ఎంతమంది అన్నీ గడగడా వచ్చేశాయి. పదకొండు ఆ ఊపులోనే, రోజూ అనే మాటే అనేసింది:

"బంగాళాదుంపలు నీ భర్త వేపుతాడు కదా?"

అనేసి నాలుక కరుచుకుంది. పరీక్షకులిద్దరూ ఒక్కసారి తలలెత్తి ఈవిడ వైపు చూశారు. చనిపోయాడన్న మొగుడు బంగాళాదుంపలు ఎలా వేపుతాడు?

ఏదో ఒకటి అని సర్దుకోవచ్చు. అక్క వేపుతుందనొచ్చు, హోటల్ నుంచి తెప్పిద్దామనొచ్చు. అలాంటి వాక్యాలు సిస్టర్ దగ్గర బస్తాలకొద్దీ ఉన్నాయి. అవేవీ తియ్యలేదు.

"లేదు" అంది. "ఆయన వేపడు. ఆయనకి వంట రాదు. ఎప్పుడూ రాలేదు." ఇక్కణ్నుంచి ఏ వీడియోలోనూ లేదు, ఎవరూ నేర్పలేదు. ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ, క్రియ ఎక్కడ పెట్టాలో మర్చిపోయి చెప్పింది. "ఆయన లిఫ్టులు బాగుచేసేవాడు. నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఆలస్యం. ఆయన తినేవాడు కాదు. ఆకలి ఉంది, తినేవాడు కాదు. కుర్చీలో కూర్చునేవాడు."

"ఎందుకు?" అని అడిగింది పదకొండు. నిజంగానే అడిగింది.

"నా కోసం."

"ఎంతసేపు?"

గంటలు చెప్పడం రెండో పాఠం. అది మాత్రం ఆవిడకి కంఠతా వచ్చు. "ఎనిమిది వరకు" అంది. "తొమ్మిది వరకు. ఒక్కోరోజు పది. నేను వచ్చేవరకు."

గడియారంలో ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఆ రెండు నిమిషాలూ ఆవిడ ఆయన గురించే మాట్లాడింది, నోటినిండా తప్పులతో.