పొడి అద్దం మీద వైపర్లు

సోమవారం పదకొండు గంటలకి నేను పోలీసు స్టేషన్ ఆవరణలోని ఆ కారు దగ్గరికి వెళ్లేసరికి కొంగలు నాకంటే ముందే వచ్చి ఉన్నాయి. మనిషి ఛాతీ ఎత్తుండే బట్టతల కొంగలు, నాలుగు. మెడ కింద సంచులు వేలాడేసుకుని, తమ కాళ్ల మీద తామే రెట్ట వేసుకుంటూ, భోజనాలు ఎప్పుడు పెడతారా అని చావింటి గుమ్మంలో ఎదురుచూసే బంధువుల్లా నిలబడ్డాయి. అయిదోది బానెట్ మీదికెక్కి, వైపర్ల కింద ఉండే జాలీలోకి ముక్కు దూర్చి పొడుస్తోంది. గొడుగుతో అదిలించాను. తీరిగ్గా ఏదో మింగి దిగింది.

నా పని వాహనాల తనిఖీ. మా జింజా పట్టణం పరిసరాల్లో ప్రమాదం చేసిన ప్రతి బండీ నా దగ్గరికి రావాల్సిందే. బ్రేకు, స్టీరింగు, లైట్లు, హారన్, వైపర్లు ఒక్కొక్కటే పరీక్షించి కాగితం మీద రాసిస్తాను. కోర్టులో ఆ కాగితానికి విలువుంది. పంతొమ్మిదేళ్లుగా నెత్తురూ, విరిగిన పళ్లూ, సీటు కింద ఒంటరి చెప్పులూ చూసి కూడా మధ్యాహ్నం కడుపునిండా తినగలిగేదాన్ని. ఆ రోజు మాత్రం తినలేకపోయాను.

కేసు చిన్నది. శనివారం తెల్లవారుతుండగా, సన్నటి వానలో, వైస్వా అనే చేపలాయన సరస్సు రేవు నుంచి సైకిల్ మీద సంతకు వస్తున్నాడు. వెనక బుట్టనిండా చేపలు. ఈ కారు వెనక నుంచి గుద్దేసి పోయింది. అరగంట తర్వాత చెరుకు కోతకు వెళ్లేవాళ్లు చూసినప్పుడు ఆయనకు ఇంకా ఊపిరి ఉంది. ఆస్పత్రి గుమ్మం దాకా ఉండి, అక్కడ ఆగిపోయింది.

కారు రోడ్ల కాంట్రాక్టరు ముకోసెది. ఊరంతా ఆయన్ని చైర్మన్ అంటారు, దేనికి చైర్మనో ఎవరికీ తెలియదు. ఆ శనివారం మధ్యాహ్నమే ఆయన డ్రైవరు ఇసబిర్యే స్టేషనుకొచ్చి నేరం ఒప్పుకున్నాడు. "వాన జోరుగా ఉంది. వైపర్లు పనిచేయలేదు. ఏమీ కనపడలేదు. భయమేసి ఆగకుండా వెళ్లిపోయాను." వాంగ్మూలం మొత్తం ఇంతే. దాని కింద చైర్మన్ వాంగ్మూలం ఇంకా చిన్నది. "కారు వచ్చి ఎనిమిది రోజులైంది. మొదటి రోజు నుంచి నడిపేది ఇసబిర్యేనే. నేనెప్పుడూ స్టీరింగు ముందు కూర్చోలేదు."

ట్రాఫిక్ అధికారి బలిదావా జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని పదడుగుల దూరంలో నిలబడ్డాడు.

"వైపర్లు పాడయ్యాయని రాసెయ్ కగోయా. ఒప్పుకున్న కేసు. ఇందులో నువ్వు ముక్కు పెట్టాల్సిందేముంది?"

"ముక్కు పెట్టడమే కదా అఫాండే నా ఉద్యోగం. మీరూ ఒకసారి ఇటొచ్చి పెట్టండి." పోలీసు అధికారుల్ని మా దగ్గర అఫాండే అనే పిలుస్తాం.

"వాసన నాకు ఇక్కడికే వస్తోంది."

బానెట్ ఎత్తాను. ఈగలు మబ్బులా లేచాయి.

ముందు అద్దం ఒక మూల పగిలింది గానీ మధ్యలో శుభ్రంగా ఉంది. మరీ శుభ్రంగా. అద్దం మీద ఉండాల్సిందంతా కింద జాలీలో చేరింది. చేపల పొలుసులు, పేగులు, నల్లగా గడ్డకట్టిన నెత్తురు, అందులో ఏది చేపదో ఏది మనిషిదో దేవుడికే తెలియాలి. రెండు రోజుల ఎండకి అదంతా పొంగి, అందులో తెల్లగా ఏవో కదులుతున్నాయి. వైపర్ రబ్బరు వేలితో లాగి చూశాను. దాని అంచు పొడవునా పొలుసులు ఇరుక్కున్నాయి. పాడైన వైపర్లకు పొలుసులు ఎలా ఇరుక్కుంటాయి?

ఇంకోటి చూశాను. బానెట్ కింద, వాన తడి చేరని చోట, రెండు పక్కలా ఎర్రటి చారలు ఎండి ఉన్నాయి. నడుస్తున్న బండి మీద నీళ్లు గాలికి వెనక్కి కొట్టుకుపోతాయి. ఈ చారలు నిటారుగా నేలకి దిగాయి.

అద్దం కడిగే నీళ్ల డబ్బా మూత తీశాను. ఎనిమిది రోజుల కొత్త కారు. డబ్బాలో చుక్క లేదు.

మూత తిరిగి బిగించాను.

"ఇసబిర్యేని తీసుకురండి," అన్నాను.

అతనికి ముప్పై అయిదేళ్లుంటాయి. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా, మూడు రోజుల గడ్డం. ప్రమాదం చేసిన డ్రైవరు చేతే బండిలోని ప్రతిదీ పనిచేయించి చూడటం మా పద్ధతి. స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. కొంగల్ని చూస్తూ కూర్చున్నాడు.

"ఈ బండి ఎనిమిది రోజులు నడిపావా?"

"నడిపాను మేడమ్."

"రోజూనా?"

"రోజూ. ఆదివారం చర్చికి కూడా."

"తాళం తిప్పు. వైపర్లు వెయ్యి."

తాళం తిప్పాడు. ఎడమచెయ్యి సూటిగా స్టీరింగు ఎడమవైపు స్విచ్చు మీదికి వెళ్లింది. టిక్కు టిక్కుమని ఇండికేటరు వెలిగింది.

ఆపి, మళ్లీ అదే స్విచ్చు లాగాడు. ముందు లైట్లు ధగ్గుమన్నాయి. కొంగ ఒకటి ఎగిరిపడింది.

మా దేశంలో నడిచేవి దాదాపు అన్నీ జపాన్‌లో వాడేసి ఓడ ఎక్కించిన బళ్లే. వాటిలో వైపర్లు ఎడమచేతికి ఉంటాయి. డ్రైవింగ్ నేర్చుకునేదీ వాటి మీదే, ముసలివాళ్లయ్యేదీ వాటి మీదే. ఈ కారు యూరప్‌ది. యూరప్ కార్లలో అది తిరగబడుతుంది, వైపర్లు కుడిచేతికి వస్తాయి. అలాంటి కారు ఎక్కిన ప్రతివాడూ మొదటి మలుపులో ఇండికేటరు వేయబోయి, ఎర్రటి ఎండలో వైపర్లు వేస్తాడు. వెనకున్నవాళ్లు నవ్వుతారు. మూడో రోజుకల్లా చెయ్యి తనంతట తనే నేర్చుకుంటుంది. ఎనిమిది రోజులు నడిపిన చెయ్యి కాదిది.

"కంగారులో ఉన్నాడులే," అన్నాడు బలిదావా దూరం నుంచి.

"కంగారులో చెయ్యి అలవాటైన చోటికే పోతుంది అఫాండే." ఇసబిర్యే వైపు తిరిగాను. "సరే. ఉక్కగా ఉంది కదా, గాలి వదులు."

డాష్‌బోర్డు మధ్యలో ఒకేలాంటి బటన్లు పద్నాలుగున్నాయి, చీమల్లాంటి బొమ్మలతో. వేలు వాటి మీద వెతుక్కుంది. ఫ్యాను పెట్టాడు. ఇంకేదో నొక్కాడు. అది బయటి గాలిని ఆపే బటన్. అప్పటిదాకా ఎవరో దాన్ని మూసి ఉంచారు. ఇతను తెరిచాడు. జాలీలో ఉడికిందంతా వాసనై మొహం మీదికి కొట్టింది.

ఇసబిర్యే తలుపు తోసుకుని బయటపడి గోడవారకి పరిగెత్తాడు. వాంతి చేసుకునే చప్పుడు వినిపించింది. కొంగలు అటు నడిచాయి.

తిరిగొచ్చాక నీళ్ల సీసా ఇచ్చాను.

"ఏం వాసన మేడమ్ అది?" అన్నాడు.

"నీకు తెలియదా? నువ్వే కదా ఇంటిదాకా నడిపింది."

సీసా వైపు చూశాడు గానీ నా వైపు చూడలేదు.

"ఇసబిర్యే, నువ్వు కాదని ఇప్పుడు నాకు తెలుసు. కానీ నువ్వు ఒప్పుకున్నాక నా కాగితం ఒక్కటే ఏమీ చేయలేదు. నువ్వే చెప్పాలి. లేకపోతే ఏళ్లకేళ్లు లోపలుంటావు."

"నా పెళ్లాం బిడ్డలు చైర్మన్ ఇంటి ఆవరణలోనే ఉంటారు మేడమ్. నేను నోరు తెరిస్తే సాయంత్రానికి సామాను రోడ్డు మీదుంటుంది." గొంతు తగ్గించాడు. "పైగా ఆ మనిషి గుద్దగానే పోయాడట. ఎవరు లోపలికి వెళ్తే ఏం, పోయినవాడు తిరిగి రాడు కదా."

"గుద్దగానే పోయాడని ఎవరు చెప్పారు?"

సీసా మూత బిగించాడు.

నేను డబ్బాతో నీళ్లు తెచ్చి, కారు నీళ్ల డబ్బా అంచుదాకా నింపాను. స్టీరింగు ముందు నేనే కూర్చున్నాను. బటన్ నొక్కి బయటి గాలి మూశాను. గడియారం ఇసబిర్యే చేతిలో పెట్టాను.

"చూస్తూ ఉండు."

కుడివైపు స్విచ్చు నా వైపుకి లాగి పట్టుకున్నాను. రెండు పిచికారీలు అద్దం మీదికి ఎగిశాయి. వైపర్లు అటూ ఇటూ ఊగాయి. పొలుసులు రబ్బరు నుంచి ఊడి అద్దం మీద మెరిసి జారాయి. మొదట గులాబి రంగు నీళ్లు, తర్వాత తెల్లవి. ఇసబిర్యే పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నాడు. డబ్బా ఖాళీ అయ్యి మోటారు వట్టిగా గురగురలాడేదాకా వదల్లేదు.

"ఎంతసేపు?"

"నిమిషం మీద ఇరవై సెకన్లు."

"అంతసేపు ఈ కారు ఆగే ఉంది. చారలు చూడు, ఎంత తిన్నగా ఉన్నాయో. వైస్వా అక్కడ, ముందు చక్రం పక్కన, ఊపిరితో ఉన్నాడు. ఈ సీట్లో కూర్చున్నవాడు దిగలేదు. అద్దం కడుక్కున్నాడు. నీళ్లు అయిపోయేదాకా కడుక్కుని, రోడ్డు బాగా కనిపించాక వెళ్లాడు. ఆ తర్వాత అరగంట రోడ్డు మీద ఊపిరితోనే పడున్నాడు వైస్వా."

గడియారం నా చేతికి తిరిగిచ్చాడు.

అప్పుడే గేటులోంచి ముకోసె పాత జపాన్ బండి వచ్చింది. దిగుతూనే మొహం చిట్లించాడు. బొద్దుగా, నున్నగా, ఇప్పుడే స్నానం చేసినట్టున్నాడు. అత్తరు వాసన ఆ కుళ్లుతో కలిసి ఇంకా అసహ్యంగా మారింది.

"ఏంటమ్మాయ్, ఒక కారు చూడ్డానికి ఇంకా ఎన్నాళ్లు? మా ఊళ్లో గొడ్డు ఈనడానికి ఇంత టైము పట్టదు."

"అయిపోవచ్చింది చైర్మన్. ఈ వైపర్లతోనే చిక్కొచ్చింది. మాకెవరికీ ఈ కారు తెలియదు."

నేను దిగేటప్పుడు వైపర్లు నడుస్తూనే వదిలేశాను. ఎండకి అద్దం అప్పటికే ఆరిపోయింది. పొడి అద్దం మీద రబ్బరు కీచుమంటోంది, గోళ్లతో పెంకు గీరినట్టు. బయటి గాలి బటన్ కూడా తిరిగి తెరిచి వచ్చాను. తెరిచిన తలుపులోంచి కంపు బయటికి తన్నుతోంది.

ముకోసె భరించలేకపోయాడు. రెండు కీచులకి పళ్లు బిగించాడు, మూడో దానికి ముందుకొచ్చాడు.

"అద్దానికి గీతలు పడుతున్నాయి కదా. బుద్ధుందా మీకు?"

తలుపులోంచి ఒంగాడు. కళ్లు అద్దం మీదే ఉన్నాయి. కుడిచెయ్యి కుడివైపు స్విచ్చు మీద పడి, నీళ్ల కోసం లాగింది. మోటారు గురగురలాడింది. విసుక్కుని ఒక్క తట్టుతో వైపర్లు ఆపేశాడు. ఎడమచెయ్యి అటు చూడకుండానే పద్నాలుగు బటన్ల మధ్య ఒక్కదాన్నే నొక్కింది. కంపు ఆగింది.

"నీళ్లు శనివారమే అయిపోయాయి," అన్నాడు నిటారుగా నిలబడుతూ. "రెండు రోజుల నుంచి ఏం చేస్తున్నారు మీరంతా? నింపుకోవాలని తెలియదా?"

మా కానిస్టేబుళ్లు ఇద్దరు చెట్టు నీడ నుంచి చూస్తున్నారు. బలిదావా జేబురుమాలు ముక్కు నుంచి కిందికి దించాడు.

"శనివారం అయిపోయినట్టు మీకెలా తెలుసు చైర్మన్?" అన్నాను. "మీరు స్టీరింగు ముందు ఎప్పుడూ కూర్చోలేదు కదా."

"వీడు చెప్పాడు."

"నేను చెప్పలేదు," అన్నాడు ఇసబిర్యే.

ముకోసె తన డ్రైవరు వైపు తిరిగాడు. గొంతు పెంచలేదు, కుక్కని పిలిచినట్టు మెత్తగా మాట్లాడాడు. "ఒరే ఇసబిర్యే. ఇంటి దగ్గర పిల్లలు బాగున్నారు. పొద్దున చూసే వచ్చాను."

"చూసే ఉంటారు."

"మరి ఆలోచించుకో."

"గుద్దగానే పోయాడన్నారు నాతో. బైబిలు మీద చెయ్యేసి మరీ చెప్పారు."

"పోయినట్టే లెక్క. చూస్తే తెలియదా? బతికే రకమా అది?"

అలా అన్నాడు. అది అని అన్నాడు, మనిషి గురించి.

ఇసబిర్యే బలిదావా దగ్గరికి నడిచాడు. "అఫాండే, నా కాగితం ఇవ్వండి. ఇంకోటి రాసిస్తాను. శనివారం తెల్లారి నేను ఇంట్లో నిద్రపోతున్నాను. ఏడింటికి చైర్మన్ వచ్చి లేపారు. కారుతో గుద్దింది నేనేనని చెప్పమన్నారు. ఈ బండి తాళం నా చేతికి రావడం ఇవాళే మొదలు."

"సాయంత్రంలోగా ఖాళీ చెయ్యి," అన్నాడు ముకోసె.

"చేస్తాను."

బలిదావా అటూ ఇటూ చూశాడు. కానిస్టేబుళ్లు వినేశారు. కొంగలు తప్ప అక్కడున్న అందరూ విన్నారు. ఆయన ధైర్యవంతుడని నేను చెప్పను. అబద్ధం ఇంతమంది ముందు కుళ్లిపోయాక మోసేవాడు ఉండడని లెక్కవేసుకున్నాడు, అంతే. "చైర్మన్, లోపలికి రండి, కూర్చుని మాట్లాడదాం," అన్నాడు మొదట మర్యాదగా. ముకోసె తన బండి వైపు కదిలేసరికి, "పట్టుకోండి," అన్నాడు కానిస్టేబుళ్లతో, మర్యాద లేకుండా.

వాళ్ల మధ్య నడుస్తూ ముకోసె మెట్ల దగ్గర ఆగి వెనక్కి చూశాడు. ఏమైనా పశ్చాత్తాపం కనిపిస్తుందేమోనని నేను కూడా చూశాను.

"ఆ కొంగల్ని కారు మీద ఎక్కనివ్వకండి," అన్నాడు. "పెయింటు పోతుంది."

వాంగ్మూలం రాయడం రెండింటికి ముగిసింది. ఇసబిర్యే సంతకం చేసి, బయట కుళాయి దగ్గర మోచేతుల దాకా సబ్బుతో మూడుసార్లు కడుక్కున్నాడు. పక్క కుళాయి దగ్గర నేనూ అదే పని చేస్తున్నాను. ఎంత కడిగినా చేపవాసన పోవడం లేదు.

"సామాను సర్దడానికి వెళ్తావా?" అడిగాను.

"మా ఆవిడకి ఫోన్ చేశాను. వాళ్లక్క ఇంటికి బయల్దేరింది. నేను ముందు వైస్వా ఇంటికి వెళ్లాలి మేడమ్."

"పిచ్చా నీకు? చంపింది నువ్వేనని రెండు రోజులుగా వాళ్లు అనుకుంటున్నారు. కత్తులతో కాచుక్కూర్చుని ఉంటారు."

"అందుకే వెళ్లాలి. నేను చేశానని చెప్పింది నేనే కదా. చేయలేదని వాళ్లకి ఇంకెవరో చెబితే ఏం బాగుంటుంది?" చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "అరగంట సంగతి కూడా చెప్పాలా?"

వైస్వా భార్య మొహం నేను చూడలేదు, చూడాలనీ లేదు.

"అడిగితే చెప్పు," అన్నాను.

తలూపాడు. గేటు బయట మోటార్ సైకిల్ టాక్సీవాడితో ఏదో మాట్లాడి వెనక ఎక్కాడు. రేవు రోడ్డు వైపు తిరిగారు. ఒంటరిగా పంపడం తప్పనిపించి, కానిస్టేబుల్ని కేకేసి, మా జీపు తీసుకుని వాళ్ల వెనకే వెళ్లమన్నాను.