చెవిలో ఉడుత గొంతు

డ్రమ్ములు వాయించే ఉడుతను చంపింది మీరు. మేనేజరూ, నువ్వు. నల్ల సంచి పట్టుకుని తెర వెనక తిరిగే డాక్టరూ, నువ్వు. చల్లటి గదుల్లో కూర్చుని ఊరి తర్వాత ఊరికి బస్సు తోలించిన కంపెనీ పెద్దలూ, మీరు. గుండె ఆగి పోయాడని కాగితం మీద రాయించుకున్నారు. గుండె ఆగకుండా ఎవడైనా చస్తాడా? దాన్ని ఆపిందెవరో రాయించండి ముందు. శవాన్ని వెనక గేటులోంచి పంపేసి, ఆ సాయంత్రమే అద్దె డ్రమ్మర్‌ని కూర్చోబెట్టి ప్రదర్శన నడిపించారు. మనిషిని మట్టిలో కలిపారు గానీ వాడి గొంతును మాత్రం వదల్లేదు. అది ఇంకా మీకు పనికొస్తోంది మరి.

ఆ గొంతు పాటగాడు బొంగురు చెవిలో ఏం చేసిందో వినండి.

బొంగురు అసలు పేరు వాళ్ళక్కకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. చిన్నప్పటి నుంచీ గొంతు గరగరే. బడిలో పాటల టీచరు "నువ్వు పెదాలు మాత్రం ఆడించు నాయనా" అని వెనక వరసలో నిలబెట్టేది. వాడి స్నేహితుడు ఉడుత టైర్ల కొట్టులో పనిచేసేవాడు. ఒక్క క్షణం కుదురుండదు. చేతికి ఏది దొరికితే అది వాయించాల్సిందే. రిమ్ములు, డబ్బాలు, బస్సు కిటికీలు, పక్కవాడి వీపు. అక్కకు బట్టలు సరిచేసే కొట్టు ఉండేది. పని అయ్యాక షట్టర్ సగం దించుకుని ఇద్దరూ అందులోనే సాధన చేసేవాళ్ళు. బట్ట కత్తిరించే బల్ల మీద ఉడుత దరువు వేస్తే సూదుల డబ్బా ఎగిరెగిరి పడేది.

"ఆ చేతుల్ని బల్లకేసి కుట్టేస్తానురా, ఉడుతా!"

"కుట్టక్కా. వేళ్ళు మాత్రం వదిలెయ్."

కొన్నాళ్ళకు అక్క కూడా అరవడం మానేసింది. ఫ్యాను చప్పుడు ఎవరి చెవికైనా ఎక్కుతుందా? ఉడుత చప్పుడూ అంతే అయిపోయింది.

ఆ కొట్టులో పుట్టిన పాట ఒకటి ఫోన్లలోకి ఎక్కింది. అక్కణ్ణుంచి బస్సుల్లోకి, కాలేజీల్లోకి, సమ్మె శిబిరాల్లోకి పాకింది. అప్పుడు దిగింది ప్రదర్శనలు నడిపే కంపెనీ. మేనేజర్ భుజం మీద చెయ్యేసి "తమ్ముడూ" అన్నాడు. చూస్తుండగానే ఆటల మైదానాలు నిండిపోయాయి. బడిలో నోరు మూయించిన గొంతు కోసం జనం గోడలు దూకారు. బొంగురు గిటారు ఎత్తితే కేక, దించితే కేక.

పెద్ద ప్రదర్శనల్లో పని ఒక పద్ధతిలో నడుస్తుంది. వాయించేవాళ్ళ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. పాటకు ముందు వాటిలో ఒక గొంతు "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటుంది. ఆ తర్వాత పాట పొడుగునా టిక్కు టిక్కుమని తాళం. జనానికి ఇవేవీ వినబడవు. లైట్లు వెలగడం, పొగ చిమ్మడం, తెర మీద బొమ్మలు మారడం, అన్నీ ఆ తాళానికే కట్టి ఉంటాయి. ఆ లెక్క చెప్పింది ఉడుత. ఒక మధ్యాహ్నం రికార్డింగ్ గదిలో ఏదో నములుతూ అన్ని పాటలకూ చెప్పేశాడు. ఒకచోట దగ్గాడు. ఒకచోట పళ్ళు ఇకిలించాడు. మొదటి పాటకైతే "రేయ్ బొంగురూ, నిద్రపోయావా?" అని కేకేసి మరీ మొదలుపెట్టాడు. భలే ఉంది, ఉంచెయ్యండన్నారు అందరూ.

రోజుకో ఊరు. బస్సులో నిద్ర పట్టదు, స్టేజీ మీద నిద్ర ఆగదు. నల్ల సంచి అప్పుడు తెరుచుకుంది. స్టేజీ ఎక్కే ముందు నిలబెట్టే బిళ్ళ, దిగాక పడుకోబెట్టే బిళ్ళ. బిళ్ళలు చాలనప్పుడు సూది. "బలానికయ్యా, పెద్ద పెద్దవాళ్ళే వాడతారు" అనేవాడు డాక్టర్. బొంగురు వద్దన్న రోజున మేనేజర్ కోప్పడలేదు. "నీ ఇష్టం తమ్ముడూ. బయట మైదానం నిండా జనం. నువ్వే వెళ్ళి చెప్పు" అన్నాడు. ఎవడు వెళ్ళి చెబుతాడు? బొంగురు చెయ్యి చాపాడు, పక్కనే ఉడుతా చాపాడు. రాను రాను ఎవరూ అడక్కుండానే చాపారు.

ఉడుత పోయిన రోజు ఇద్దరూ ఒకే హోటల్ గదిలో ఉన్నారు. పట్టపగలు. కర్టెన్లు మూసి, బిళ్ళ మింగి బొంగురు పడుకున్నాడు. స్నానాల గది తలుపు లోపలి నుంచి దరువు మొదలైంది. టక టక. టక. కాసేపు ఆగి మళ్ళీ టక టక.

"నీ సాధన తగలెయ్య, ఆపరా!" అని దిండు చెవుల మీదికి లాక్కున్నాడు.

దరువు నెమ్మదించింది. ఆగిపోయింది. బొంగురు హమ్మయ్య అనుకున్నాడు.

ఆ హమ్మయ్యే వాణ్ణి ఈనాటికీ తింటోంది. మందు ఎక్కువై లేవలేక, నోరు పెగలక, నేల మీద పడి తలుపు కొట్టినవాడి చప్పుడది. వేరే ఎవరి చేతి చప్పుడైనా లేచి తలుపు తీసేవాడు. ఉడుత చేతిది కాబట్టే తీయలేదు.

తర్వాత సూదే లోకమైంది, చెవిలో ఉడుత లెక్కపెడుతున్నా ఆ మత్తులో తాకలేదు. ఒకనాడు పాట మధ్యలో మైకుతో సహా కుప్పకూలాడు. అదీ ఆటలో భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు! అక్క వచ్చి, అడ్డొచ్చిన మేనేజర్‌ని మోచేత్తో నెట్టి, తమ్ముణ్ణి మత్తు మాన్పించే కేంద్రంలో చేర్చింది. వాంతులు, వణుకు, చర్మం కింద చీమలు పాకుతున్నట్టు బాధ. కాస్త తేరుకున్నాక గిన్నెలు తోమాడు, మరుగుదొడ్లు కడిగాడు. ఎవరైనా తలుపు తడితే మాత్రం మంచం కిందకు దూరేవాడు. అందుకే అక్క తట్టడం మానేసి, నడవా చివరి నుంచే "నేనేరా, వస్తున్నా" అని అరుచుకుంటూ వచ్చేది.

"తలుపు తీయలేదక్కా."

"తీయలేదు. నిజమే. నీ నోట్లో ఆ బిళ్ళ వేసిందెవడో కూడా చెప్పు. సగం చెప్పి ఏడిస్తే ఊరుకోను. ముందు ఈ ముద్ద తిను, తిని ఏడువు."

నెలలు పట్టింది. ఒళ్ళు నిలబడింది, గొంతు తిరిగొచ్చింది. పాట తప్ప వేరే పని రాదు వాడికి. కంపెనీ కబురు పెడితే వెళ్ళాడు. అక్క కొట్టు మూసి వెంట వెళ్ళింది.

ప్రదర్శనకు ముందు, ఖాళీ మైదానంలో అన్నీ సరిచూసుకుంటున్నారు. బొంగురు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

"రేయ్ బొంగురూ, నిద్రపోయావా?"

అదే నమలడం. అదే ఎగతాళి. బొంగురు స్పీకర్ పెట్టె మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమట. చెయ్యి దానంతటదే చొక్కా మడత పైకి తోసింది, సూదికి అలవాటైన చెయ్యి కదా.

"వాడి గొంతు తీసెయ్యండి," అన్నాడు.

సౌండ్ ఇంజనీర్ తల వంచుకున్నాడు. "గొంతూ తాళమూ కలిపే రికార్డు చేశామన్నా. విడదీయలేం. అంతా కొత్తగా చేయాలి, లైట్లు మళ్ళీ కట్టాలి. ఇవాళ్టికి కుదరదు."

"ఇన్నాళ్ళు ఏం చేశారు?"

"అడిగానన్నా. పనిచేస్తున్నదాన్ని కెలకొద్దన్నారు."

మేనేజర్ నవ్వుతూ వచ్చాడు. "సెంటిమెంటుగా తీసుకో తమ్ముడూ. మనవాడు మనతోనే ఉన్నట్టు. మరీ ఇబ్బందిగా ఉంటే డాక్టర్ ఇక్కడే ఉన్నాడు. సగం బిళ్ళ. ఇవాళొక్కరోజే."

"బాబూ," అంది అక్క, "ఈసారి వెనక గేటు తాళం ఎవరి దగ్గరుందో కనుక్కుని పెట్టుకున్నావా?"

 మేనేజర్ బిళ్ళను తెర వెనక గదిలో బల్ల మీద పెట్టి పోయాడు. సాయంత్రం స్టేజీ ఎక్కే వేళకు బొంగురు దాని ముందే కూర్చున్నాడు. అక్క తీసి పారేయలేదు. "నేను పారేస్తే రేపు ఇంకోటి పెడతారు. నువ్వే చూసుకో" అని గోడవైపు తిరిగి నిలబడింది. వెనక కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే బిళ్ళ బల్ల మీదే ఉంది, తమ్ముడు స్టేజీ మెట్లెక్కుతున్నాడు.

మైదానం హోరెత్తింది. చెవిలో ఉడుత అడిగాడు, నిద్రపోయావా అని. బొంగురు ఇయర్‌ఫోన్లు పీకేశాడు. పాట వాడు లేకుండానే మొదలైంది. పొగ చిమ్మింది, లైట్లు తిరిగాయి, తెర మీద మంటలు లేచాయి. నడిమధ్యన నోరు మెదపకుండా నిలబడ్డ మనిషి. వాయించేవాళ్ళు ఒక్కొక్కరే ఆగారు. లైట్లు మాత్రం ఆగలేదు. చచ్చినవాడి లెక్కకు అవి ఆడుతూనే ఉన్నాయి. జనం ఈలలు వేశారు, సీసాలు విసిరారు.

బొంగురు కొత్త డ్రమ్మర్ దగ్గరికి వెళ్ళాడు.

"చెవిలోవి తీసెయ్. నువ్వు లెక్కపెట్టు."

"అన్నా, లైట్లు కలవవు..."

"వాటి చావు అవి చస్తాయి. నువ్వు బతికున్నావు కదా, నోరు తెరువు."

ఆ పిల్లవాడు బెదురుతూ, తడబడుతూ నాలుగు దాకా చెప్పాడు. పాట మొదలైంది. చీకట్లో కొంత, తప్పు వెలుగులో కొంత, అతుకుల బొంతలా సాగింది. పాట అయ్యాక బొంగురు మైకులో తలుపు సంగతి చెప్పాడు, దిండు సంగతి చెప్పాడు. తర్వాత బిళ్ళ ఇచ్చినవాళ్ళను పేరు పేరునా చెప్పబోయాడు. మైకు కట్ చేశారు. మైకు లేకుండానే అరిచాడు. ముందు వరసలకు వినబడింది. 

మర్నాడే ఒప్పందం తప్పాడని కంపెనీ వాణ్ణి తీసేసింది. ఇప్పుడు అక్క కొట్టులో గుండీలు కుడుతున్నాడు, పాడుకుంటున్నాడు, మత్తు సూది జోలికి పోలేదు. ఒక్కోసారి కుట్టు మిషను ఆగగానే ఉలిక్కిపడి తలుపు తీస్తాడు. బయట ఎవరూ ఉండరు.

కంపెనీ కొత్త పాటగాణ్ణి తెచ్చుకుంది. అవే పాటలు, అవే లైట్లు, చెవిలో అదే ఉడుత. ఆ కుర్రాడి చెయ్యి ఇంకా నున్నగా ఉంది.

అందుకే ఇప్పుడే, వచ్చే ప్రదర్శనకు ముందే, ఈ పని చేసి తీరాలి. అధికారులారా, ఆ నల్ల సంచిని తెర వెనక నుంచి తరిమెయ్యండి. డాక్టర్ని, మేనేజర్‌ని విచారణకు నిలబెట్టండి. కంపెనీ పెద్దలూ, ఉడుత గొంతును మీ మిషన్లలోంచి చెరిపెయ్యండి, చెరిపే ముందు ఒక్క నకలు వాళ్ళమ్మకివ్వండి. అంతవరకు టికెట్ కొన్నవాళ్ళు గేటు దగ్గరే ఆగండి, ఒక్కరు కూడా లోపలికి పోవద్దు.